ఊరి గుట్టా, పేరున్న గుహలా, తెర మీది పటమా? భూమి పాఠానికి చోటు ఎంచుకోవడం

పోయినేడాది జూలైలో మా స్టాఫ్‌రూములో కొత్తగా చేరిన టీచరమ్మ అడిగింది: "సార్, రాళ్ళు, నేలల పాఠం దగ్గర పడుతోంది. పిల్లల్ని బేలం గుహలకు తీసుకెళ్దామా? ఊరవతలి గుట్ట సరిపోతుందా? లేకపోతే కంప్యూటర్ గదిలో ఇస్రో ఉపగ్రహ పటాల సైటు భువన్ పెట్టి చూపించేద్దామా?" పిల్లలు డెబ్బై మంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్కసారి ప్రయాణానికి వస్తుంది. పాఠానికి దొరికేవి పది పీరియడ్లు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఈ మూడూ చేసినవాణ్ణే. ఒకసారి రెండు బస్సులు మాట్లాడుకుని, తెల్లవారకముందే బయల్దేరి, పేరున్న గుహలు చూపించుకొచ్చాను. వారం తర్వాత ఏం చూశారో రాయమంటే సగం మంది రంగు దీపాల గురించీ దారిలో తిన్న పులిహోర గురించీ రాశారు. ఆ గుహను నీళ్ళు ఎలా తొలిచాయో రాసినవాళ్ళు నలుగురే. అదే ఏడాది ఒక అమ్మాయి తనంతట తానే వచ్చి, "సార్, మా వంటింట్లో కడప బండ మీద నిమ్మచెక్క పెట్టి మర్చిపోయాను. తెల్ల మచ్చ పడింది, తుడిచినా పోలేదు. అమ్మ తిట్టింది. ఎందుకు పడింది?" అని అడిగింది. గుహ ఎలా పుట్టిందో చెప్పడానికి అంతకన్నా మంచి మొదలు నాకు ఇప్పటిదాకా దొరకలేదు. కడప బండ సున్నపురాయి. పులుపు దాన్ని తింటుంది. వాన నీళ్ళలో కలిసిన కొద్దిపాటి ఆమ్లం కూడా అదే పని చేస్తుంది, కాకపోతే లక్షల ఏళ్ళు తీసుకుంటుంది.

ఇదే తికమకలో ఉన్న టీచర్లకు, తల్లిదండ్రులకు పనికొస్తుందని నాకు తెలిసినంత రాస్తున్నాను.

## విహారయాత్ర వేరు, ఇది వేరు

చోటు ఆధారంగా చదువు చెప్పడం అంటే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. అమెరికాలో డేవిడ్ సోబెల్ వంటివారు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. భూవిజ్ఞానంలో దీనికి ఒక రూపం ఇచ్చినవారిలో స్టీవెన్ సెమ్కెన్ ముఖ్యుడు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి రాకముందు ఆయన అక్కడి నవాహో ఆదివాసుల డినే కాలేజీలో పాఠాలు చెప్పారు. అక్కడి విద్యార్థులకు భూవిజ్ఞానాన్ని వాళ్ళ కొండల నుంచి, భూమి గురించీ ఆకాశం గురించీ వాళ్ళ పెద్దలు చెప్పుకునే మాటల నుంచి మొదలుపెట్టారు. 2005లో ఆయన రాసిన వ్యాసంలో అసలు విషయం ఇది: ఒక చోటు అంటే అక్కడి రాయి, మట్టి, నీరు మాత్రమే కాదు, మనుషులు దానికి ఇచ్చుకున్న అర్థం, దానితో పెంచుకున్న మమకారం కూడా. ఈ రెండూ కలిస్తేనే పాఠం.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరో తరగతి సాంఘిక శాస్త్రంలో కృష్ణా డెల్టా పాఠం పెనమకూరు మీదుగా, పీఠభూమి పాఠం డోకూరు మీదుగా, కొండల పాఠం పెనుగోలు మీదుగా చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని చదువు ఉండాలంది. అవకాశం ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నదే తేల్చుకోవాలి.

## ఏ కొలతతో తూచాలి

నేను ఐదు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది, మళ్ళీ వెళ్ళగలమా? నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. భూమి చేసే పని నెమ్మదైనది. ఒక్కసారి చూస్తే అది నిలబడి ఉన్న బొమ్మలా ఉంటుంది. ఎండాకాలంలో ఒకసారి, వానలో ఒకసారి, కోతల తర్వాత ఒకసారి చూస్తే కదులుతున్నట్టు తెలుస్తుంది.

రెండోది, పిల్లకు ఆ చోటు ముందే తెలుసా? తెలిసిన చోట ప్రశ్న పిల్ల నుంచి వస్తుంది, తెలియని చోట గైడు నుంచి వస్తుంది.

మూడోది, మనం చెప్పదలుచుకున్నది అక్కడ కంటికి కనిపిస్తుందా? అగ్నిపర్వతం గురించి చెప్పాలంటే డెల్టా పొలం గట్టు మీద నిలబడి లాభం లేదు.

నాలుగోది ఖర్చు, అనుమతి, భద్రత. తల్లిదండ్రుల సంతకాలు, హెచ్.ఎం. అనుమతి, ఆడపిల్లలకు బాత్రూము ఉందా లేదా, అన్నీ ఇందులోకే వస్తాయి.

ఐదోదాన్ని చాలామంది మర్చిపోతారు: ఆ చోటు ఎవరిది, దానితో వాళ్ళకున్న బంధం ఏమిటి? నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ గురించి చెప్పడం మంచి పాఠం. గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంగిపోయే జబ్బు (ఫ్లోరోసిస్) వస్తుంది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. కానీ ఎదురుగా కూర్చున్న పిల్లవాడి తాత వంగిపోయిన కాళ్ళతో ఇంట్లో మంచం మీద ఉండొచ్చు. జలాశయంలో మునిగిన ఊరి పిల్లలకు జలాశయం పాఠమూ అంతే. అలాంటి పాఠం వదిలేయమనడం లేదు. ముందు ఆ ఇంటివాళ్ళతో మాట్లాడి, వాళ్ళు చెప్పేది విని, అప్పుడు చెప్పాలి.

## ఒక్క చూపులో

| ఎంపిక | మళ్ళీ వెళ్ళడం | ఖర్చు | బాగా తెలిసేది | తెలియనిది |
|---|---|---|---|---|
| బడి ఆవరణ, ఊరి వీధి | వారం వారం | దాదాపు లేదు | కోత, మేట, శైథిల్యం (రాయి పగిలి నలగడం), రాళ్ళ తేడాలు | పెద్ద నిర్మాణాలు |
| ఊరి గుట్ట, చెరువు, వాగు | ఏడాదికి మూడు నాలుగు సార్లు | నడక | నీటి ప్రయాణం, నేల పుట్టుక, ఊరి చరిత్ర | రకరకాల రాళ్ళు |
| పేరున్న చోటు | ఒక్కసారి | బస్సు, భోజనం, ఒకటి రెండు రోజులు | కాలం లోతు, భారీ ఆకారాలు | మార్పు |
| మ్యూజియం, రాళ్ళ పెట్టె | పెట్టె ఎప్పుడైనా, మ్యూజియం ఒకసారి | తక్కువ నుంచి మధ్యస్థం | శిలాజాలు, పోలికలు | రాయి ఎక్కడ ఎలా ఉండేదో |
| ఉపగ్రహ పటాలు | ఎప్పుడైనా | ఇంటర్నెట్ | ఏళ్ళ తరబడి మార్పు, పైనుంచి రూపం | స్పర్శ, వాసన, బరువు |

## బడి ఆవరణ: చిన్నచూపు చూడొద్దు

వాన వెలిసిన మర్నాడు బడి వెనక మట్టికుప్ప దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళి గొంతుక్కూర్చోమనండి. గులకరాయి ఉన్నచోట దాని కింద మట్టి చిన్న స్తంభంలా నిలబడి ఉంటుంది. చుట్టూ మట్టి చినుకు దెబ్బకు కొట్టుకుపోయి ఉంటుంది. వేలి కణుపంత స్తంభం, పైన టోపీలా రాయి. నేల మీది నుంచి బడి గోడ మీదికి చిమ్మిన ఎర్రచుక్కలు ఎంత ఎత్తుకు చేరాయో స్కేలుతో కొలవమనండి. నీళ్ళు పారిన పిల్లకాలువ చివర విసనకర్రలా పరుచుకున్న ఇసుక చూపించండి. బరువైన ఇసుక ముందు ఆగింది, సన్న ఒండ్రు ఇంకా ముందుకు వెళ్ళి గుంటలో దిగింది. గోదావరి అంతర్వేది దగ్గర చేసే పనే అది, పరిమాణమే వేరు.

బడి గడప గ్రానైటు కావచ్చు, వరండాలో తాండూరు బండలు, వంటగదిలో కడప రాయి ఉండొచ్చు. మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండమనండి. తాండూరు, కడప రాళ్ళ మీద సన్నగా బుడగలు వస్తాయి. గ్రానైటు పట్టించుకోదు. ఇంత చిన్న పరీక్షతో పిల్లలు ఇంటికెళ్ళి వంటింటి గట్టు, గుడి మెట్టు, తులసి కోట అన్నీ పరీక్షించి వస్తారు. మెరిసే బండల జోలికి వెళ్ళొద్దని ముందే చెప్పాలి, మచ్చ పోదు.

కాలం పొడవు చెప్పడానికి నేను వాడేది నడక. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయ అంచున 2010లో 'కాలపు బాట' అని ఒకటి వేశారు. అందులో ఒక మీటరు నడిస్తే పది లక్షల ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టు. మనకు అంత పొడవు కుదరదు కాబట్టి మీటరుకు కోటి ఏళ్ళు లెక్క వేస్తాను. బడి గేటు దగ్గర ఈరోజు. మనం రాసుకున్న చరిత్ర ఐదు వేల ఏళ్ళు అనుకుంటే అది అర మిల్లీమీటరు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో దొరికే, సుమత్రాలోని తోబా అగ్నిపర్వతపు బూడిద 74,000 ఏళ్ళ నాటిది, 7 మిల్లీమీటర్ల పైచిలుకు. వికారాబాద్ వైపు నల్లరాయిగా గట్టిపడిన దక్కన్ లావా ఆరున్నర మీటర్లు. సింగరేణి బొగ్గు పాతిక ముప్పై మీటర్ల మధ్య. హైదరాబాద్ గుండ్లు 250 మీటర్లు. భూమి పుట్టుక 454 మీటర్లు, అంటే మా ఊళ్ళో అయితే బస్టాండు దాటి కిరాణా కొట్టు దగ్గర. మా పిల్లలు ఇప్పటికీ ఆ కొట్టును 'భూమి పుట్టిన చోటు' అంటారు.

దీని లోటు చెప్పకపోతే తప్పవుతుంది. చిన్న రూపాలను చూసి పెద్దవాటిని ఊహించుకునే శక్తి పిల్లలందరికీ ఒకేలా ఉండదు. మట్టికుప్ప మీది పిల్లకాలువ కోట్ల ఏళ్ళలో లోయ అవుతుందని మాటగా ఒప్పుకుంటారు, మనసు ఒప్పుకోదు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఇది మరీ తేలికగా కూడా అనిపిస్తుంది.

## ఊరి గుట్ట, చెరువు, వాగు

నేను ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే దీన్నే ఎంచుకుంటాను. కారణం రాయి కాదు, మనుషులు.

గుట్టకు వెళ్ళేముందు పిల్లల్ని ఇళ్ళకు పంపి పేర్లు సేకరించమంటాను. ఏనుగు గుండు, తాబేలు బండ, దొంతి రాళ్ళు, అమ్మవారి పాదం అంటూ వస్తారు. ఒక్కో పేరూ ఒక ఆకారాన్ని చూసి పెట్టిందే. గుండు గుండ్రంగా ఎందుకుంది? పగుళ్ళలోకి నీళ్ళు దిగి, మూలలు ముందు అరిగి, ఉల్లిపొరల్లా పైపొర ఊడుతూ వచ్చింది కాబట్టి. ఊడిన పొర కింద పడి నలిగి మొరం అయింది. మొరం ఇంకా మెత్తబడి ఎర్రమట్టి అయింది. గుట్ట మీద మొదలుపెట్టి చేను దాకా నడిస్తే నేల పుట్టుక అంతా వరుసగా కాళ్ళ కింద ఉంటుంది.

రాయి కొట్టే ఒడ్డెర మేస్త్రిని ఒకసారి పిలవండి. ఏ వైపు కొడితే బండ సూటిగా చీలుతుందో చేత్తో తడిమి చెబుతారు. మంట పెట్టి పలకలు లేపే పాత పద్ధతి చూసినవాళ్ళు ఉంటే ఇంకా మంచిది, వేడికి రాయి వ్యాకోచించడం అనే పాఠం అదే. బోరు వేసిన ఇంటివాళ్ళను అడగండి: ఎన్ని అడుగుల దాకా ఎర్ర పొడి వచ్చింది, ఎక్కడ తెల్ల పొడి మొదలైంది, ఏ అడుగులో తడి తగిలింది? పది బోర్ల సమాచారం పక్కపక్కన గీస్తే ఊరి కింద భూమి అడ్డకోత వచ్చేస్తుంది. పుస్తకంలో ఆ బొమ్మ దొరకదు. అది పిల్లలు గీసింది.

చెరువు సంగతి ఇంకా గొప్పది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్న చోట ఒక చెరువు మత్తడి (అలుగు) పోస్తే కింది చెరువుకు నీళ్ళు ఎలా వెళ్తాయో నడిచి చూడొచ్చు. జూన్‌లో ఎండిన చెరువు అడుగున పగుళ్ళ వెడల్పు కొలవండి. సెప్టెంబరులో తూము దగ్గర నీటి రంగు రాసుకోండి. ఫిబ్రవరిలో నీరు తగ్గుతున్నప్పుడు ఒడ్డున మిగిలిన గీతలు లెక్కపెట్టండి. వాగు ఇసుకలో అలల ముద్రలు ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. కడప ప్రాంతపు క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మరీ గట్టిపడి అయిన రాయి) రాళ్ళలో అచ్చం అలాంటి ముద్రలే గట్టిపడి ఉన్నాయి. ఆ రెండు ఫొటోలు పక్కన పెట్టి 'ఈ రాయి ఉన్నచోట ఒకప్పుడు ఏముండేది?' అని అడిగి ఊరుకోండి. జవాబు వాళ్ళే చెబుతారు.

ప్రమాదం గురించి కచ్చితంగా ఉండాలి. వదిలేసిన క్వారీ గుంతలో నీళ్ళు ఎంత లోతో ఎవరికీ తెలియదు. అంచుకు పది అడుగుల దూరంలోనే ఆగాలి. పని జరుగుతున్న క్వారీ అయితే పేలుళ్ళ వేళలు ముందే అడగాలి. పైన వాన పడుతుంటే వాగులో దిగకూడదు, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే.

## పేరున్న చోట్లు: ఎప్పుడు సరైనవి

వీటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కొన్ని విషయాలు అక్కడ తప్ప ఎక్కడా కనిపించవు.

తిరుమల ఘాట్ రోడ్డులో కనిపించే ఒక గీత ప్రపంచంలో ఎన్నదగినది. కింద అతి పాత గ్రానైటు జాతి రాయి, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. రెంటి మధ్యా దాదాపు 80 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉందని చెబుతారు. ఆ కాలపు రాళ్ళు అక్కడ ఏర్పడనైనా లేదు, ఏర్పడి కొట్టుకుపోయైనా ఉండాలి. ఘాట్ రోడ్డులో బస్సు ఆపి పిల్లలందరినీ దించడం కుదిరే పని కాదు. శిలాతోరణం దగ్గర నిలబడి మాట్లాడుకోవచ్చు. ఏడుకొండలు భక్తితో చూసే చోటు కాబట్టి అక్కడ పాఠం చెప్పే గొంతు కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. కొండ వయసు తెలిస్తే భక్తి తగ్గిన పిల్లవాణ్ణి నేను చూడలేదు.

విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు తీరం చరిత్రకు మంచి చోటు. సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో గాలి, నీరు పేర్చిన ఇసుక అది. ఇనుము పూత పట్టి ఎర్రబడింది. ఇప్పుడు వాన దాన్ని గండ్లుగా కోస్తోంది. తిరుమల కొండలు, ఎర్రమట్టి దిబ్బలు రెండూ 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. దిబ్బల వాలు మీద పిల్లలు జారితే ఆ కోత ఇంకా పెరుగుతుంది. బాట దాటనివ్వకండి. ఇలాంటి చోట్ల రాయి గానీ పిడికెడు మట్టి గానీ తీసుకోనివ్వకండి.

బేలం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్క ఎక్కువ. ఉబ్బసం ఉన్న పిల్లల సంగతి ముందే కనుక్కోండి. మంగంపేట ముగ్గురాయి గని, గండికోటలో పెన్నా కోసిన లోయ, యాగంటి వైపు వెళ్తే జ్వాలాపురం బూడిద పొర, ఇవన్నీ రాయలసీమ బడులకు ఒక్క రోజు దూరమే. సుమత్రాలో పేలిన కొండ బూడిద జ్వాలాపురం ఉన్న మన జుర్రేరు లోయలో పడిందనీ, ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి వాడారనీ చెబితే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

షరతు ఒక్కటే. ఊళ్ళో పుట్టిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్ళాలి. నిమ్మకాయ పరీక్ష చేసిన పిల్లకు బేలం ఒక జవాబు. చేయని పిల్లకు అది రంగు దీపాల చోటు. నేను రెండు బస్సులతో చేసిన తప్పు అదే, వరుస తలకిందులు చేశాను.

## మ్యూజియం, రాళ్ళ పెట్టె

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ఉంది. తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు డైనోసార్ అది. గోదావరి లోయ పిల్లలకు అది తమ ఊరివైపు జంతువు. ఆ మాట చెప్పి చూపిస్తే సినిమాలో డైనోసార్‌ను చూసినట్టు చూడరు.

కొనే రాళ్ళ పెట్టెల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చిన్న ముక్కలు, అంకెలు, ఎక్కడివో తెలియదు. బండల దుకాణంలో అడిగితే కోత ముక్కలు ఊరికే ఇస్తారు. గ్రానైటు, నాపరాయి, కడప రాయి, రాజస్థాన్ పాలరాయి, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ తెచ్చుకోండి. చివరిదాన్ని దుకాణంలో గ్రానైటు అనే అమ్ముతారు, భూవిజ్ఞానంలో అది గాబ్రో జాతి రాయి. అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రోంజైట్ అనే ఖనిజం. పాలరాయి మీద నిమ్మరసం వేస్తే అదీ బుడగలు కక్కుతుంది. నాపరాయికీ దీనికీ చుట్టరికం ఏమిటన్నది రూపాంతర శిలల (వేడికీ ఒత్తిడికీ మారిన రాళ్ళ) పాఠానికి తలుపు.

## తెర మీద

ఇస్రో 2009లో తెచ్చిన భువన్, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ వారి భూకోశ్, గూగుల్ ఎర్త్ పాత చిత్రాలు, ఇవి చేయగల పని ఒకటుంది. అది కాళ్ళతో కుదరదు. ఉప్పాడ తీరం ఎలా లోపలికి జరిగిందో, కొల్లేరులో చేపల చెరువులు ఎలా పరుచుకున్నాయో, 2006లో కొన్నిటిని కొట్టేశాక ఏమైందో ఏడాది వెంట ఏడాది చూపిస్తాయి. తమ ఊరి చెరువును పైనుంచి మొదటిసారి చూసిన పిల్లలు చేసే గోల వినాల్సిందే.

నడవలేని పిల్లలున్న తరగతికి, రెండు వారాలు వాన ఆగని జూలైకి ఇదే దిక్కు. అయితే గుట్ట ఎక్కిన తర్వాత చూపిస్తే పటంలో ప్రతి మచ్చా వాళ్ళకు తెలిసినదవుతుంది. ముందే చూపిస్తే రంగుల బొమ్మ.

## మీరుండే నేలను బట్టి

డెల్టా బడులు. కృష్ణా, గోదావరి డెల్టా టీచర్లు 'మాకు రాయే లేదు సార్' అంటారు. నిజమే, బడి మెట్టు రాయి లారీలో వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడమే మొదటి పాఠం చేయండి. పంగిడి వైపు నుంచి వచ్చిన నల్ల కంకర అయితే అది లావా రాయి. రెండో పాఠం నీళ్ళు: ఏ ఊళ్ళో బోరు ఉప్పు, ఏ ఊళ్ళో తీపి, సముద్రానికి ఎంత దూరం? ఈ ప్రశ్నకు డెల్టా కన్నా మంచి చోటు లేదు.

తెలంగాణ గ్రానైటు నేల. గుండ్లు, మొరం, చెరువు. మీకు ప్రయాణం దాదాపు అక్కర్లేదు. పశ్చిమాన వికారాబాద్, జహీరాబాద్ వైపు ఒక్క రోజు వెళ్తే నల్లరాయి, దాని మీద జేగురు రంగు లాటరైట్ రాయి చూడొచ్చు. అంతే చాలు.

గోదావరి లోయ. బొగ్గు పొరల్లో ఆకుల ముద్రలు దొరుకుతాయి. చాలా ఇళ్ళల్లో గనిలో పనిచేసినవాళ్ళు ఉంటారు. వాళ్ళే మీ మ్యూజియం. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర వచ్చిన 5.3 తీవ్రత భూకంపం గుర్తున్న పిల్లలు ఎంతోమంది. ఎవరి ఇంట్లో ఫ్యాను ఊగింది, ఎవరికి తెలియనే లేదు, పటం మీద చుక్కలు పెట్టించండి.

రాయలసీమ. మీకు కష్టం ఎంచుకోవడంలోనే. ఒక్కటే తీసుకోండి, దాని దగ్గరే ఏడాదంతా ఉండండి.

ఉత్తరాంధ్ర. కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ అనే రాయి. ఆ పేరు తూర్పు కనుమల్లో ఉండే ఖోండు ప్రజల నుంచి వచ్చింది. రాతి పేరులోనే మనుషులున్నారు.

అమెరికాలో ఉన్నవాళ్ళు. సెలవుల్లో ఎటూ గ్రాండ్ కాన్యన్ వెళ్తారు. అక్కడా కింద పాత రాయి, పైన పొరలు, మధ్యలో పోయిన కాలం ఉన్నాయి. తిరుమల ఘాట్ రోడ్డు ఫొటో ఒకటి ఫోనులో పెట్టుకెళ్ళి పిల్లలతో పోల్చి చూడండి.

## మీ పరిస్థితిని బట్టి

ఒక్కరే టీచరు, డబ్బు లేదు, సాంఘికం, సైన్సు రెండూ మీరే: బడి ఆవరణ, గుట్ట. రెండు సబ్జెక్టుల పీరియడ్లు కలిపేసుకోండి. బోరు లెక్కలు గణితంలోకీ వెళ్తాయి.

పదో తరగతి పిల్లలు, పరీక్షల ఒత్తిడి: గుట్ట ఒక్కసారి, భువన్ ఒక్కసారి. అంతకు మించి పెట్టుకుంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు, మీకూ మనశ్శాంతి ఉండదు.

బస్సు ఉన్న ప్రైవేటు బడి: దూరానికి తొందరపడొద్దు. అదే బస్సును దగ్గరి చెరువుకు నాలుగుసార్లు పంపితే డీజిల్ ఖర్చు తక్కువ.

బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన టీచరు: మీరే ఆ ఊరికి కొత్త, పిల్లలు కాదు. దీన్ని లోటు అనుకోవద్దు. మీకు తెలియనిది వాళ్ళకు తెలుసు కాబట్టి మొదటి నెల మీరు అడగాలి, వాళ్ళు చెప్పాలి. బావి తవ్వినప్పుడు ఏ రంగు మట్టి వచ్చింది, చెరువు ఆఖరిసారి ఎప్పుడు అలుగు పారింది, గుట్ట మీద ఏ బండ దగ్గరికి వెళ్ళొద్దని అమ్మమ్మ చెప్పింది? రాసుకోండి.

మా టీచరమ్మ ఏం చేసిందంటే, బస్సు డబ్బు జనవరి దాకా కదపలేదు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పిల్లల్ని గుట్టకు మూడుసార్లు, చెరువుకు రెండుసార్లు నడిపించింది. వరండా బండల మీద ఎన్ని నిమ్మకాయలు పిండారో లెక్కలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత బేలం వెళ్ళాం. లోపలికి దిగగానే ఏడో తరగతి పిల్లవాడొకడు జేబులోంచి నిమ్మచెక్క తీశాడు. ఇక్కడ వద్దు నాన్నా అని ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. బయటికొచ్చాక బస్సు పక్కన పడున్న విరిగిన బండ ముక్క దగ్గర డెబ్బై మందీ గుమిగూడారు. వాడు మేకుతో గీకి రసం పిండాడు. బుడగలు వచ్చాయి. గుహ వైపు ఒకసారి తిరిగి చూసి, "సార్, అయితే ఇదంతా కరగడానికి ఎన్ని వానలు పట్టాయి?" అన్నాడు.